తడిబట్ట వంతు

సత్తెనపల్లికి పదకొండు కిలోమీటర్ల దూరంలో, సాగర్ కాలువ మీద, ఒక రేవు ఉంది. ఆరు మెట్లు. మెట్లకు ఎడమపక్క పాత తూము, తూము చుట్టూ సర్కారు తుమ్మ. ఊళ్ళో దాన్ని పంచెల రేవు అంటారు. చీకటిపడ్డాక ఆ మెట్లు దిగిన మగవాడు కట్టుబట్టతో తిరిగి పైకి రాడని దానికి చెడ్డపేరు.

మనిషి వస్తాడు. బట్ట రాదు.

ఊరిపేరు చెప్పను. చెప్పనని మాట ఇచ్చాను. ఎందుకిచ్చానో చివరికి మీకే తెలుస్తుంది.

ఈ సంగతి నా చెవిన ఎలా పడిందో ముందుగా మనవి చేయడం మర్యాద. రెండువేల ఇరవైనాలుగు మహాలయ అమావాస్యనాడు నేను గుంటూరు నుంచి కారులో ఆ రేవుకు వెళ్ళాను. మా నాన్నగారిది ఆ ఊరే. పితృదేవతలకు నువ్వులూ నీళ్ళూ వదిలి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేద్దామని నా ఆలోచన. పురోహితులు శివరామకృష్ణ శాస్త్రిగారు నన్ను ఆపాదమస్తకం చూశారు. చూపు నా ప్యాంటు దగ్గర ఆగింది.

“దీంతో నేను చేయించనండి.”

“కరోనా ఏడాది దీంతోనే చేయించారు గదండీ!”

“చేయించాను. దాని ఫలితం అనుభవించాను కూడా. సుభానీ! సారుకి ఒక పంచె పట్రా.”

సుభానీ మోటార్లు బాగుచేసే మెకానిక్. కాలువకట్ట మీదే అతని షెడ్డు. పంచె కోసం అతను ఇంటికి వెళ్ళి వచ్చేలోగా, వైండింగు విప్పిన ఒక మోటారు పక్కన కూర్చుని శాస్త్రిగారు కథ మొదలుపెట్టారు. సుభానీ వచ్చి తన వంతు కలిపాడు. ఇద్దరి మాటలూ పొసగని చోట్ల నేను రెండూ వదిలేశాను. మిగిలినది ఇది.

దానికి ముందు ఒక్క విషయం. కాన్వెంటు చదువు చదివిన నాబోటివాడికి అరవైఏళ్ళు దాటాక గాని తెలియలేదు. తర్పణమంటే తృప్తిపరచడం. దోసిట్లో నీళ్ళు, నువ్వులు తీసుకుని, జంధ్యమో కండువానో కుడిభుజం మీదికి మార్చుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి వదులుతాం. గోత్రం చెప్పి, పేరు చెప్పి, తండ్రికి మూడుసార్లు, తాతకు మూడుసార్లు, ముత్తాతకు మూడుసార్లు. ఎవరి నీళ్ళు వారికి.

మరి ఎవరూ లేనివాళ్ళ మాట?

వాళ్ళకూ ఒక వంతు ఉంది. అన్నీ అయ్యాక, తడిసిన బట్ట కొసను నాలుగు మడతలు వేసి, ఒడ్డున పిండాలి. నీళ్ళలో కాదు, నేల మీద. పిల్లలు లేకుండా పోయినవారికి, తలుచుకునే దిక్కులేనివారికి, ఆ పిండిన చుక్కలే దక్కుతాయి. అంతకుమించి ఈ లోకం నుంచి వాళ్ళకు ఏమీ పోదు.

కరోనా ఏడాది శాస్త్రిగారు ఆ చివరి పని మానేశారు. మనిషికీ మనిషికీ ఆరడుగుల ఎడం. అందరూ ప్యాంట్లతో వచ్చి, గబగబా నాలుగు దోసిళ్ళు వదిలి, కార్లెక్కి వెళ్ళిపోయేవారు. ప్యాంటును ఎక్కడని పిండుతారు? రోగం పోయింది. తొందర మాత్రం పోలేదు. పిండడం అలా ఎగిరిపోయింది.

“ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళు లేనివాళ్ళ వంతే గదండీ అది,” అన్నారు శాస్త్రిగారు.

ఇరవైరెండు శ్రావణంలో… అడిగారు.

మొదట సుభానీనే. ఏడున్నర దాటింది. ఎవరిదో పొలంలో మోటారు బిగించి, చేతుల గ్రీజు కడుక్కుందామని రేవులోకి దిగాడు. వంగి నీళ్ళు తీసుకున్నాడు. నడుము దగ్గర ఏదో తగిలింది. చేప అనుకున్నాడు. చేప నీళ్ళలో ఉంటుంది, తన నడుము పైన ఉంది అని తట్టేలోపల—

లుంగీ లేదు.

“నవ్వకండి సార్,” అన్నాడు సుభానీ, నేను నవ్వకముందే. “లాగింది చెయ్యి కాదు సార్. చెయ్యయితే ఐదు వేళ్ళుంటయ్. అది… ఒక్కటే వేలు. చల్లగా. ఇక్కడ తగులుకుని ఒక్క లాగు లాగింది. లుంగీ పోయి కాలవలో పడింది. అప్పుడు తూము కాడ్నుంచి వినపడింది.”

“ఏమని?”

“నా… వంతేదీ… అని.”

సుభానీ యూరియా సంచి చుట్టుకుని ఇంటికి చేరాడు. అతని భార్య ఖైరున్నీసా తలుపు తీసి, మొగుణ్ణి చూసి, తలుపు మళ్ళీ వేసింది.

ఊరంతా నవ్వింది. ఆ నవ్వు నాలుగు రోజులే. ఐదో రోజు మిరపనారుకు నీళ్ళు పెట్టి వస్తున్న సంజీవరావు పంచె పోయింది. ఆయన ఊళ్ళో పెద్దమనిషి, ఆరడుగుల ఆసామి. వారం తిరక్కుండా మరో ఇద్దరివి, ఆపైన ఇంకొందరివి. అందరిదీ ఒకటే మాట. ఒక్క వేలు. నీళ్ళలో బట్ట పడిన చప్పుడు. నా వంతేదీ…

బట్ట తీసుకుందామని ఆగినవాడు ఒక్కడూ లేడు.

ఆ తరవాత జరిగిందే అసలు విచిత్రం. దెయ్యం ప్యాంటు వేసుకున్నవాళ్ళ జోలికి పోవడం లేదని ఎవరో కనిపెట్టారు. అంతే! నెల తిరిగేసరికి ఊళ్ళో పంచె కనబడితే ఒట్టు. డెబ్బైఏళ్ళ ముసలివాళ్ళు మనవళ్ళ ట్రాక్‌ప్యాంట్లు తొడుక్కుని పత్తిచేలకు బయల్దేరారు.

భయపడని మనిషి ఒక్కతే. మేకల గురవమ్మ. భర్త యలమందయ్య పోయి పన్నెండేళ్ళు. పిల్లలు లేరు. ఐదు మేకలు, ఒక దోటి, అంతే ఆమె సంసారం. కొసకు ఇనప కొక్కెం కట్టిన ఆ పొడవాటి దోటితో తుమ్మకాయలు రాల్చి మేకలకు వేస్తుంది. పొద్దున్నుంచి చీకటిదాకా కాలువకట్ట మీదే ఉంటుంది.

“నీకు భయం లేదా గురవమ్మా?” అని అడిగారు శాస్త్రిగారు.

“నన్నేం జేసుద్దయ్యా? నాకు పంచె లేదుగా,” అంది గురవమ్మ.

భాద్రపదం వచ్చింది. అమావాస్య రేపనగా సంజీవరావు శాస్త్రిగారి అరుగు మీద కూర్చుని తేల్చిచెప్పాడు. “ఈసారి మేమంతా అమరావతి పోతున్నామండీ. కృష్ణలో వదులుతాం. మీ రేవులో దిగే మొనగాడు ఈ ఊళ్ళో లేడు.”

“పగలే గదయ్యా!”

“పగలు అది నిద్దర పోద్దని మీరు రాసిస్తారా?”

శాస్త్రిగారు రాసివ్వలేదు. కాఫీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. ఆయనను పట్టింది రేవు పోతుందన్న బెంగ కాదు. మొదటిరోజే, సుభానీ నోట ఆ మాట విన్నప్పుడే, ఆయనకు అర్థమైపోయింది. ఏ వంతో తెలుసు. దాన్ని ఎవరు ఎగ్గొట్టారో తెలుసు. తెలియనిదల్లా… అడుగుతున్నది ఎవరో!

“అది అడుగుతున్నది నన్ను,” అన్నారాయన చివరికి. “జవాబు నేనే చెప్పాలి. ఇవాళే వెళతాను.”

రాత్రి ఎనిమిది. సుభానీ స్కూటరు నడిపాడు, శాస్త్రిగారు వెనక కూర్చున్నారు. సుభానీ లుంగీ మీద బెల్టు బిగించి, బెల్టు మీద నైలాను తాడు మూడుచుట్లు చుట్టుకున్నాడు.

“మీరూ ప్యాంటు వేసుకోవలసిందండీ అయ్యగారూ.”

“వేసుకుంటే దాని వంతు ఎలా పిండనురా?”

కట్ట మీద బండి ఆపారు. చతుర్దశి చీకటి. అవతల గట్టున ఎవరిదో ఇంజను టకటకా కొట్టుకుంటోంది. చూస్తుండగానే అదీ ఆగిపోయింది. సుభానీ టార్చి వేశాడు. ఆ వెలుగు తుమ్మచెట్ల మీదికీ, ఆకాశంలోకీ, శాస్త్రిగారి ముఖంలోకీ పోతోంది. మెట్ల మీద మాత్రం పడటం లేదు.

శాస్త్రిగారు దిగారు.

ఒకటి… రెండు… మూడు…

నాలుగో మెట్టు దగ్గర ఆగారు.

టప్…

చెవులు రిక్కించారు.

టప్… టప్…

నీళ్ళు నీళ్ళలో పడితే ఒక చప్పుడు. నేల మీద పడితే ఇంకో చప్పుడు. ముప్ఫైఏళ్ళు ఆ రేవులో నిలబడిన చెవికి ఆ తేడా తెలుసు. ఎడమపక్క, తూము దగ్గర, చీకట్లో… ఎవరో బట్ట పిండుతున్నారు.

“ఎవరది?” అందామనుకున్నారు. నోట్లోంచి గాలి మాత్రం వచ్చింది.

చప్పుడు ఆగింది.

ఐదో మెట్టు.

ఆయన భుజం మీద ఏదో ఆనింది. చల్లగా. సన్నగా. ఒక్క వేలు. ఉత్తరీయం మెల్లగా జారింది… జారి… ఒక్క ఊపున ఎగిరి నీళ్ళలో పడింది.

“నా… వంతేదీ…”

పైన టార్చి కిందపడిన చప్పుడు. “యా అల్లా!” అంటూ సుభానీ అక్కడే చతికిలబడ్డాడు. పరుగెత్తలేకపోయానని తనే చెప్పాడు. తాడు బిగుతుకు కాళ్ళు తిమ్మిరెక్కాయట.

శాస్త్రిగారు కూడా పరుగెత్తలేదు. వంగి, నీళ్ళలో తడిమి, ఉత్తరీయం అందుకున్నారు. రాత్రిపూట చేయరాని పని. తెలుసు. అయినా జంధ్యం కుడిభుజం మీదికి వేసుకున్నారు. బట్టను నాలుగు మడతలు వేశారు. ఒడ్డుకు జరిగి, రెండేళ్ళుగా నోట పలకని ఆ మంత్రాన్ని, తడబడుతూ, మధ్యలో ఒకచోట మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి అందుకుని, పూర్తిగా చెప్పారు. చెప్పి, పిండారు.

టప్. టప్. టప్.

చివరి చుక్క పడింది. అంతా నిశ్శబ్దం.

చీకట్లోంచి ఒక నిట్టూర్పు వినబడింది. పొడుగ్గా. దగ్గరగా.

“ఇంకొంచెం గట్టిగా పిండండి అయ్యగారూ… సగం నీళ్ళు బట్టలోనే ఉన్నయ్.”

శాస్త్రిగారు కొయ్యబారిపోయారు.

తూము వెనక మేక ఒకటి “మే…” అంది.

“నోర్ముయ్యవే!” అంది దెయ్యం.

శాస్త్రిగారు మెట్టు మీద కూలబడ్డారు. భయమంతా దిగిపోయి, దాని చోటులోకి కోపం ఎక్కడానికి కొంతసేపు పట్టింది.

“గురవమ్మా!”

“ఆఁ.”

“నువ్వటే!”

“నేనేనయ్యా.” తుమ్మకొమ్మలు తప్పించుకుంటూ, దోటి ఊతగా పట్టుకుని ఆమె బయటికి వచ్చింది. దోటి కొసన ఇనప కొక్కెం. ఒక్క వేలు.

“బుద్ధుందా? ఈ వయసులో మగవాళ్ళ పంచెలు లాగుతావా?”

“పంచెలతో నాకేం పనయ్యా? బట్ట నీళ్ళల్లో పడితే తీసుకోడా? తీసుకుంటే పిండడా? పిండితే నాలుగు చుక్కలు నేల మీద పడవా? అనుకున్నా. ఒక్క సచ్చినోడు ఆగందే! అందరూ పరుగే.”

“ఎవరి కోసమే ఆ చుక్కలు?”

గురవమ్మ మేక మెడ మీద చెయ్యి వేసింది.

“మా ఆయన కోసం. ఈ కట్ట మీద నిలబడి ముప్పై ఏళ్ళు మీ మాటలు విన్నానయ్యా. పిల్లల్లేనోళ్ళకి పిండిన నీళ్ళే దిక్కని మీరేగా అందరికీ చెప్పేది? ఆయన పోయినకాడ్నుంచి పెద్దల అమాసకి ఇక్కడే నిలబడేదాన్ని. ఎవరు బట్ట పిండినా, అదుగో మా ఆయన వంతనుకునేదాన్ని. ఆ చుక్కలు ఇంకిందాకా చూసి ఇంటికి పోయేదాన్ని. రెండేళ్ళాయె. ఆయన గొంతు తడవలేదు.”

“నన్ను అడగవచ్చు గదా!”

“అడిగాగా. కిందటేడు. బండెక్కతా నవ్వారు. టైము లేదు గురవమ్మా అన్నారు.”

శాస్త్రిగారికి గుర్తొచ్చింది. ఆమె చెప్పింది నిజమే.

“నేనడిగితే నవ్వొచ్చింది. దెయ్యం అడిగితే చెమటలు పట్టినయ్,” అంది గురవమ్మ. “అయినా ఆయనొక్కడి కోసమేనా? రేపు నేను పోతే నాకెవరున్నారు? సచ్చినాక అడగడానికి నోరుండదుగదయ్యా. అందుకని ఉన్నప్పుడే అడుగుతున్నా.”

కాలువ నీరు మెట్లను తాకుతూ పోతోంది. తడి ఉత్తరీయం భుజాన వేసుకుంటూ శాస్త్రిగారు అన్నారు, “నీ దెబ్బకు ఊళ్ళో పంచె కట్టేవాడు లేకుండా పోయాడు. రేపు ఏది పిండించమంటావు? ట్రాక్‌ప్యాంట్లా?”

గురవమ్మ నోరు తెరిచింది. అంతదాకా ఆమెకు ఆ సంగతి తట్టనే లేదు!

“అయ్యో నా బతుకు మండా!” అని నెత్తి కొట్టుకుంది. తూములోకి వంగి ఒక మూట బయటికి లాగింది. పంచెలు తొమ్మిది, లుంగీలు నాలుగు. అన్నీ ఉతికి, ఆరేసి, మడతలు పెట్టి ఉన్నాయి. “నేనే పిండి చూశానయ్యా, ఒకటొకటే. ఇందాక నా కొంగూ తడిపి పిండా. మంతరం రాకపాయె. నేను పిండితే చెల్లుద్దో లేదో తెలవదాయె. అందుకే మళ్ళీ మళ్ళీ లాగా.”

పైనుంచి సుభానీ గొంతు వచ్చింది. “అందులో నీలం గళ్ళ లుంగీ ఉందా పెద్దమ్మా?”

“ఉంది నాయనా. చినిగుంటే కుట్టా కూడా.”

వెళ్ళబోతూ గురవమ్మ ఆగింది. “మరి ఊళ్ళో ఏం చెప్తారయ్యా? దెయ్యం ఉందనా, లేదనా?”

శాస్త్రిగారు ఆలోచించారు. శాస్త్రం చదివినవారు, అబద్ధం ఆడనివారు. రెండు నిమిషాలు ఆలోచించారు.

“ఉందనే అంటాను. లేదంటే ఎవడూ పిండడు.”

తెల్లవారింది. శాస్త్రిగారు అడ్డుపడటంతో అమరావతి ప్రయాణం ఆగిపోయింది. అందరినీ రేవుకు తీసుకువెళ్ళి చూపించారు. రాత్రి దాని వంతు దానికి ఇచ్చాననీ, తృప్తిపడి పోయిన బట్టలన్నీ తిరిగి పెట్టిందనీ చెప్పారు. మొదటి మెట్టు మీద పదమూడు బట్టలు, మడత చెదరకుండా! “ఇకమీదట పంచె కట్టి, చివర ఒడ్డున పిండినవాడికి ఏమీ కాదు. పిండనివాడి పూచీ నాది కాదు.” సంజీవరావు తన పంచెను అంచు చూసి గుర్తుపట్టి, కళ్ళకద్దుకుని, అక్కడే కట్టుకున్నాడు.

తాడేపల్లి నుంచి కారులో వచ్చిన బ్యాంకు ఉద్యోగి చైతన్యకృష్ణ ఒక్కడే నవ్వాడు. “ఏంటండీ ఇది, డ్రెస్ కోడా?” సంజీవరావు అతని చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో గాని, మరుక్షణం చైతన్యకృష్ణ సుభానీ గళ్ళలుంగీలో ఉన్నాడు.

ఆరోజు ఆ ఒడ్డున ముప్ఫైరెండు బట్టలు పిండారు. కట్ట మీద దోటి ఆనించుకుని గురవమ్మ నిలబడింది. నేల తడిసి, బురదయి, ఆ బురద కాలువలోకి దారికట్టేదాకా చూసింది. చూసి, మేకల్ని అదిలించుకుని ఇంటికి పోయింది.

ఇక ఎవరెవరు ఏమయ్యారో చెప్పి ముగిస్తాను. సంజీవరావు ఇప్పుడు నిద్రలో కూడా పంచె మీద బెల్టు తీయడని వాళ్ళావిడ అంటుందట. చైతన్యకృష్ణ ఏటా తాడేపల్లిలోనే పంచె కట్టుకుని, దాంతోనే కారు నడుపుకుంటూ వస్తున్నాడు. సుభానీ లుంగీ అతనికి తిరిగి అందలేదు. గురవమ్మ ఇరవైనాలుగు వైశాఖంలో, ఎండదెబ్బకు, కట్ట మీదే తుమ్మనీడలో పోయింది. ఊరంతా కలిసి సాగనంపింది. దోటిని కూడా చితి మీద పెట్టాలని సుభానీ పట్టుబట్టాడు. పెట్టారు. అది బూడిదై, ఇనప కొక్కెం మిగిలితే, దాన్ని అతను తన చేత్తోనే కాలువలో పారేశాడు. మేకలు ఐదూ ఖైరున్నీసా దగ్గర ఉన్నాయి. శాస్త్రిగారు పంచె లేనిదే ఎవరికీ తర్పణం చేయించరు.

మిగిలింది నేను.

కథ అయిపోయింది. సుభానీ తెచ్చిన పంచె కట్టుకుని, భుజాన కండువా వేసుకుని మెట్లు దిగాను. మిట్టమధ్యాహ్నం. నాన్నగారికి మూడు, తాతగారికి మూడు, ముత్తాతగారికి మూడు. అన్నీ సక్రమంగా జరిగాయి. ఒడ్డుకు వచ్చి, కండువా కొసను నాలుగు మడతలు వేసి, పద్ధతి ప్రకారం పిండాను. నాలుగైదు చుక్కలు రాలాయి. ఆ ముసలావిడ తెలివికి లోలోపల నవ్వుకుంటూ కండువా దులపబోయాను.

కొస కదల్లేదు.

ఎక్కడో తట్టుకుందనుకున్నాను. చుట్టూ చూశాను. తట్టుకోవడానికి ఏమీ లేదు. మళ్ళీ లాగాను. అవతలివైపు నుంచి… మెల్లగా… ఒక్క వేలితో పట్టి లాగినట్టు… కిందికి వంగింది.

తలెత్తి శాస్త్రిగారి వైపు చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. తూము వైపు చెవి ఒగ్గి, ఎవరో చెబుతున్నది శ్రద్ధగా వింటున్నట్టు తల ఊపుతున్నారు.

“ఇంకొంచెం గట్టిగా పిండండి,” అన్నారు నాతో. “సగం నీళ్ళు బట్టలోనే ఉన్నాయట.”

పిండాను.